బాపట్లలో నేను, రేపల్లెలో వీడియో గేమ్

ముందే చెప్తున్నా, మధ్యలో నవ్వినవాళ్ళే అందరికీ టీ పోయించాలి.

మొన్న శనివారం బాపట్లలో ఓ ఇంజనీరింగ్ కాలేజీ స్టేజీ మీద సూటేసుకుని నిలబడ్డానండి. ఎదురుగా మూడొందల మంది పిల్లలు. నేను మాట్లాడాల్సింది వీడియో గేమ్ కన్సోళ్ళ భవిష్యత్తు గురించి. ఆ కన్సోళ్ళేమో సరిగ్గా ఆ టైముకి రేపల్లెలో ఉన్నాయి. ఓ కల్యాణ మండపంలో. మోకాళ్ళ నొప్పుల మీటింగులో!

ఆగండాగండి, వరసగా చెప్తాను.

తెనాలిలో నాకో వీడియో గేమ్ పార్లర్ ఉంది. పదేళ్ళయింది పెట్టి. ఆరు టీవీలు, ఆరు డబ్బాలు, ఓ అట్టపెట్టె నిండా క్యాసెట్లు, సీడీలు. ఒకప్పుడు స్కూలు వదిలితే మా గుమ్మం ముందు చెప్పులు విడవడానికి చోటుండేది కాదు. ఇప్పుడు పక్క వీధిలో నెట్ సెంటర్ వచ్చింది. పిల్లలంతా అక్కడ కంప్యూటర్లో ఆడుకుంటున్నారు. అక్కడికి కూడా వెళ్ళనివాళ్ళు సెల్లులో బొటనవేలితో నొక్కుకుంటూ మా షాపు ముందు నుంచే నడిచి వెళ్తున్నారు. తలెత్తి చూస్తే ఒట్టు!

రోజూ తప్పకుండా వచ్చేది ఒక్కరే. కోటేశ్వరరావు బాబాయ్. ఊరు నందివెలుగు, వయసు అరవై రెండు, ఆరెకరాల మాగాణి. మూడేళ్ళ కింద మనవణ్ణి చెవి పట్టుకుని లాక్కెళ్దామని మా షాపుకొచ్చాడు. ఆ పిల్లాడు ఈ రేసు అయిపోనీ తాతా అన్నాడు. సరే చూద్దాంలే అని నిలబడ్డాడు. మర్నాడు పొద్దున్నే బాబాయ్ ఒక్కడే వచ్చాడు. "ఏం లేదు వలీ, ఆ ఎర్ర కారు నిన్న గట్టెక్కి పడిపోయింది కదా, ఏమైందో చూద్దామని" అన్నాడు. అప్పట్నుంచీ చూస్తూనే ఉన్నాడు.

నా పేరు ఖాజావలి. అందరూ వలీ అనే పిలుస్తారు.

సరే. పోయిన వారం మా ఆపా, అంటే మా అక్క, వాళ్ళ కూతురు షాహీన్ ఫోన్ చేసింది. బాపట్లలో ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతోంది.

"మామూ, శనివారం మా కాలేజీలో టెక్ ఫెస్ట్. రావాల్సిన గెస్టు రానన్నాడు. నువ్వు రావాలి."

"వస్తానే. బిర్యానీ పెడతారా?"

"తినడానికి కాదు మామూ, మాట్లాడ్డానికి! ఇండస్ట్రీ నుంచి ఎవరో ఒకరు ఉండాలంట. నీకు పదేళ్ళ ఎక్స్‌పీరియన్స్ ఉంది కదా. మా హెచ్ఓడీ సార్‌కి చెప్పేశా, మా మామూ గేమింగ్ కన్సల్టెంట్ అని."

"షాహీన్, నాది ఇండస్ట్రీ కాదమ్మా, సందులో షాపు."

"టాపిక్ రాసుకో. మల్టీ డివైస్, క్రాస్ ప్లాట్‌ఫామ్ మార్కెట్‌లో కన్సోల్స్ ఫ్యూచర్."

"కన్సోలా? ఓడిపోయినవాళ్ళకి ఇస్తారే, ఆ ప్రైజా?"

"అది కన్సొలేషన్ మామూ! కన్సోల్ అంటే నీ షాపులో టీవీ కింద పెడతావు చూడు, ఆ డబ్బా."

పదేళ్ళుగా నేను దేనిమీద బతుకుతున్నానో ఆ రోజే తెలిసింది.

క్రాస్ ప్లాట్‌ఫామ్ అంటే కూడా ఆ పిల్లే చెప్పింది. ఒకే గేమ్‌ని టీవీ డబ్బాలోనూ ఆడొచ్చు, కంప్యూటర్లోనూ ఆడొచ్చు, సెల్లులోనూ ఆడొచ్చు. రేప్పొద్దున ఎక్కడో ఒకచోట గేమ్ ఉంటే ఎక్కడెక్కడివాళ్ళో కలిసి ఆడేస్తారంట. అలాంటప్పుడు ఈ డబ్బాలు ఉంటాయా, పోతాయా? అదీ నేను చెప్పాల్సింది.

నేను! వచ్చే ఏడు మా షట్టర్ ఎత్తుతానో లేదో నాకే తెలీకుండా రోజూ పొద్దున్నే తాళం తీస్తున్నా. నన్ను పట్టుకుని భవిష్యత్తు చెప్పమంటే?

వద్దని చెప్పేసేవాణ్ణే. కానీ చివర్లో ఆ పిల్ల గొంతు తగ్గించి, "మామూ, మా హెచ్ఓడీ రమణమూర్తి సార్ చాలా స్ట్రిక్టు. గెస్టు తేలిపోతే వచ్చే ఏడు ప్రాజెక్టు నా దగ్గర చెయ్యక్కర్లేదు అన్నారు. అందరి ముందూ నేను మాటిచ్చేశా" అంది. ఇంకేం మాట్లాడతాం? మాట్లాడతానని చెప్పా.

ప్లానేంటంటే, ఒకే కారు రేసుని మూడు చోట్ల చూపించాలి. టీవీ డబ్బాలో ఒకటి, కాలేజీ కంప్యూటర్లో ఒకటి, నా సెల్లులో ఒకటి. మంచి ప్లానే. అయితే మా షాపు టీవీల్లో అందరి మొహాలూ ఆకుపచ్చగా కనిపిస్తాయి. కాలేజీకి అలాంటివి పట్టుకెళ్తే పరువు పోతుంది. బాబాయ్ ఛాతీ విరుచుకున్నాడు.

"మా ఇంట్లో కొత్త టీవీ ఉందిరా. నేను పట్టుకొస్తా."

"పిన్ని ఒప్పుకుంటుందా?"

"ఎనిమిదింటిదాకా భక్తి ప్రోగ్రాం చూస్తుంది. అది అయిపోగానే వైరు పీకేస్తా."

నేనేమో తొమ్మిదిన్నరకే అక్కడ దీపం వెలిగించేచోట నిలబడాలంట. కాబట్టి నేను పొద్దున్నే రైలు బండెక్కి బాపట్ల వెళ్ళిపోవడం, బాబాయ్ ఆ తర్వాత బండికి టీవీ, డబ్బాలు తీసుకుని రావడం. నా ఉపన్యాసం పదకొండున్నరకి. బోలెడు టైముంది.

బాబాయ్‌కి సెల్లు లేదు. సెల్లుంటే ఎవడు పిలిచినా పలకాల్సొస్తుందని కొనుక్కోలేదు. అందుకని కాలేజీ గేటు దగ్గర చూపించుకుంటాడని శుక్రవారం సాయంత్రం నేనే ఓ చీటీ రాసిచ్చా. నా చేత్తో నేనే రాసిచ్చా, ఎవర్నీ అనడానికి లేదు. చీటీలో ఏం రాశానంటే:

"శనివారం. కన్సోల్స్. క్రాస్ ప్లాట్‌ఫామ్. సెమినార్ హాల్. పదకొండున్నర."

బాపట్ల అని రాయలేదు. నోటితో చెప్పాను కదా, మళ్ళీ రాయడం ఎందుకులే అనుకున్నా.

శనివారం పొద్దున నా పెళ్ళినాటి సూటు తీశా. పెళ్ళప్పుడు నేను సన్నగా ఉండేవాణ్ణని ఆ సూటు చెప్పేదాకా గుర్తులేదు. బొత్తం పెట్టుకుంటే ఊపిరాడదు, పెట్టుకోకపోతే పెళ్ళి బ్యాండువాడిలా ఉన్నా. పెట్టుకునే వెళ్ళా. కాలేజీలో గేటు దగ్గరే పెద్ద బ్యానరు. నా పేరు ముందు శ్రీ, వెనక గారు, కింద ఇంగ్లీషులో గేమింగ్ కన్సల్టెంట్. నాకే సిగ్గేసి తల తిప్పుకుని వెళ్ళిపోయా.

రమణమూర్తి సార్ ఎదురొచ్చి చెయ్యి కలిపారు. యాభై ఏళ్ళుంటాయి. నవ్వు అనేది ఆ మొహానికి ఎవరూ పరిచయం చేసినట్టు లేదు. "మీ డెమో కోసం ఎదురు చూస్తున్నాం" అన్నారు. అది స్వాగతంలా లేదు, హెచ్చరికలా ఉంది.

పదైంది. పదిన్నరైంది. బాబాయ్ రాలేదు. పదకొండుకి షాహీన్ గేటుదాకా పరిగెత్తి వచ్చి తల అడ్డంగా ఊపింది. నేను స్టేషన్‌కి మనిషిని పంపించా. బండి ఎప్పుడో వచ్చి వెళ్ళిపోయిందంట, టీవీతో ఎవరూ దిగలేదంట. ఏం జరిగింది? బాబాయ్‌కి ఏమన్నా అయిందా? ఆ టీవీ బరువుకి నడుం పట్టేసిందా? నాకు ఉపన్యాసం కంటే ఆయన గురించే భయం పట్టుకుంది.

పదకొండున్నరకి స్టేజీ మీదకి పిలిచేశారు. చప్పట్లు!

మైకు ముందు నిలబడి మొదలుపెట్టా. "పిల్లలూ, కన్సోల్ అంటే ఏంటి? టీవీ కింద పెట్టే డబ్బా." ఆ తర్వాత ఏం చెప్పాలో ఒక్క ముక్క గుర్తురాలేదు. డెమో ఉంటే డెమో చూపిస్తూ లాగించేద్దామనుకున్నా కదా! సరే, రెండో డివైసు చూద్దామని కంప్యూటర్ దగ్గరికెళ్ళా. అది పాస్‌వర్డ్ అడిగింది. ల్యాబ్ సార్‌కే తెలుసంట. ఆయన టిఫిన్‌కి వెళ్ళారంట. మూడోది నా సెల్లు. జేబులోంచి తీసి, కారు రేసు పెట్టి, చెయ్యి పైకెత్తి పట్టుకున్నా.

"ఇదిగో, ఇది కారు."

"కనపడట్లేదు సార్!" వెనక నుంచి ఎవరో అరిచారు.

నా సెల్లు తెర ఎంతుంటుంది? పోస్టల్ స్టాంపంత. ఇంకా పైకెత్తా. సూటు చంక దగ్గర పర్రుమంది.

"ఇప్పుడు?"

"ఇప్పుడు కూడా కనపడట్లేదు సార్!"

"నిజం చెప్పాలంటే నాకూ కనపడట్లేదమ్మా" అన్నా. కొంతమంది నవ్వారు. ముందు వరసలో రమణమూర్తి సార్ నవ్వలేదు. వాచీ చూసుకున్నారు. పక్కన షాహీన్ దుపట్టా కొనని వేలికి చుట్టి విప్పి, చుట్టి విప్పి, ఇంక ఏడ్చేలా ఉంది.

అప్పుడు మోగింది సెల్లు. నా చేతిలోదే. మైకు పక్కనే. తెలీని నంబరు. కట్ చేద్దామని నొక్కబోయి, కంగారులో స్పీకర్ నొక్కేశా.

"వలీ!" బాబాయ్ గొంతు. హాలంతా ఖంగుమంది. "అన్నీ బిగించేశాన్రా! జనం నిండిపోయారు. ఎక్కడున్నావు నువ్వు?"

"నేను స్టేజీ మీదున్నా బాబాయ్! నువ్వెక్కడున్నావు?"

"నేనూ స్టేజీ మీదే ఉన్నానురా!"

నేను స్టేజీ ఆ చివరి నుంచి ఈ చివరిదాకా చూశా. నిజంగా చూశానండి! తెర వెనక్కి కూడా వంగి చూశా.

"ఏ స్టేజీ? ఏ ఊరు?"

"రేపల్లె!"

మూడొందల మందీ ఒక్కసారే నవ్వారు.

"రేపల్లె ఎందుకెళ్ళావు బాబాయ్!"

"నువ్వే కదా రాశావు? కూలీ టీవీ పట్టుకుని బాపట్ల బండి దగ్గరే నిలబడ్డాడు. నేను ఎందుకైనా మంచిదని చీటీ తీసి చూశా. క్రాస్ ప్లాట్‌ఫామ్ అని ఉంది. సరేనని వంతెనెక్కి ప్లాట్‌ఫామ్ క్రాస్ చేశాం. అవతల రేపల్లె బండి రెడీగా ఉంది. ప్రోగ్రాం అక్కడికి మార్చారు కాబోలు, వలీ ముందే రాసిపెట్టాడు, ఎంత తెలివైనవాడు అనుకున్నా!"

ఇంక నవ్వులు ఆగలేదు. నేను సెల్లు ఆపుదామనుకుంటే చెమటకి బొటనవేలు జారిపోతోంది.

అక్కడేం జరిగిందో మిగతాది తర్వాత తెలిసింది, మీకు ఇప్పుడే చెప్పేస్తా. బాబాయ్ రేపల్లెలో దిగి, ఆటోవాడికి చీటీ చూపించి సెమినార్ హాల్ అన్నాడంట. ఆటోవాడు కాసేపు ఆలోచించి, "సెమినార్ సంగతి తెలీదండి, కల్యాణ మండపంలో మాత్రం మైకు పెట్టి ఏదో మీటింగు జరుగుతోందండి" అని అక్కడ దింపాడు. అది రిటైరైనవాళ్ళంతా పెట్టుకున్న మీటింగు. మోకాళ్ళ నొప్పులకి వ్యాయామాలు చూపించడానికి ఓ ఫిజియోథెరపీ డాక్టరు టీవీ, సీడీ తీసుకొస్తానన్నాడంట. టీవీతో బాబాయ్ దిగేసరికి, "రండి డాక్టరు గారూ, మీ కోసమే చూస్తున్నాం" అని లోపలికి తీసుకెళ్ళి బొట్టుపెట్టి మరీ కూర్చోబెట్టారు. బాబాయ్‌కి డాక్టరు అనడం కొంచెం వింతగా అనిపించింది కానీ, కాలేజీల్లో అందర్నీ డాక్టరనే అంటారేమో అనుకున్నాడు. టీవీ పెట్టాడు, డబ్బా బిగించాడు, కారు రేసు ఆన్ చేసి, ముందు వరసలో పెద్దాయన చేతిలో రిమోట్ పెట్టాడు. మేం జాయ్‌స్టిక్‌ని రిమోటే అంటాం. ఆ పెద్దాయన కాసేపు నొక్కి, "బాగుందండి, వేళ్ళకి మంచి వ్యాయామం. మోకాళ్ళకి ఎప్పుడు?" అని అడిగాడంట. అప్పుడే బాబాయ్‌కి కొంచెం అనుమానమొచ్చి ఆయన సెల్లు అడిగి, గుర్తున్న నా నంబరుకి చేశాడు.

ఇక్కడ స్టేజీ మీద నా పరిస్థితి చెప్పాలా? రమణమూర్తి సార్ కుర్చీలోంచి లేచారు. లేచి నిలబడి, షాహీన్ వైపు చూశారు. ఆ చూపు చూసి నాకెక్కణ్ణుంచి వచ్చిందో ధైర్యం, మైకు గట్టిగా పట్టుకుని అనేశా:

"పిల్లలూ, చూశారా! ఇదే క్రాస్ ప్లాట్‌ఫామ్! గేమ్ ఉన్నది రేపల్లెలో. ఆడబోయేది మీరు, బాపట్లలో. మధ్యలో ఉన్నది సెల్లు. ఇదే మన డెమో!"

హాలంతా ఈలలు, కేకలు! సార్ నిలబడ్డవారు నిలబడ్డట్టే ఉండిపోయారు.

"బాబాయ్, సెల్లు అక్కడి మైకు దగ్గర పెట్టు. రేసు మొదలెట్టు. రోడ్డు మీద ఏం కనపడితే అది చెప్తూ ఉండు. ఎటు తిప్పాలో ఇక్కణ్ణుంచి వీళ్ళు చెప్తారు."

"సరేరా. అదిగో, పచ్చ లైటు పడింది. బయల్దేరాం. ముందు ఎర్ర కారు పోతోంది. కుడిపక్క గట్టుంది. ఎడమపక్క మడి. మలుపొస్తోంది, మలుపొస్తోంది!"

"ఎడమ!" అని నూటయాభై మంది. "కుడి!" అని నూటయాభై మంది.

"ఏదో ఒకటి చెప్పండిరా! అయ్యో, మడిలో దిగిపోయింది!"

మళ్ళీ మొదలు. మేం ఎడమ అనేసరికి అది సెల్లులోంచి వెళ్ళి, మైకులోంచి వచ్చి, పెద్దాయన చెవిలో పడి, ఆయన వేలిదాకా చేరేసరికి ఆ మలుపు అయిపోయేది. మూడో వరసలో ఓ కుర్రాడు లేచి, "ఈ ఆలస్యమే ల్యాగ్ కదా సార్? ఈ ప్రాబ్లం చూపించడానికే ఇలా ప్లాన్ చేశారా?" అన్నాడు.

"అవును" అన్నా. నా జీవితంలో అంత నిబ్బరంగా ఎప్పుడూ అబద్ధమాడలేదు. పిల్లలు రాసుకున్నారండి, నోట్సు!

నాలుగోసారి కారు మడిలో దిగేసరికి హాల్లో గోల పెరిగిపోయింది. ముందు వరసలవాళ్ళు బెంచీలెక్కి అరుస్తున్నారు. అప్పుడు సెల్లులోంచి కొత్త గొంతు వచ్చింది. ముసలి గొంతే, కానీ కర్రతో బల్లమీద కొట్టినట్టుంది.

"ఏంటా అల్లరి? కూర్చోండి అందరూ!"

కూర్చున్నారు. అందరూ! నేను కూడా స్టేజీ మీద ఉన్న కుర్చీలో దభీమని కూర్చున్నా. సూటు వెనకాల ఇంకోచోట పర్రుమంది. రమణమూర్తి సార్ మాత్రం కూర్చోలేదు. ఆయన మొహం పాలిపోయింది. నెమ్మదిగా స్టేజీ ఎక్కి, నా సెల్లు దగ్గరికొచ్చి, చేతులు కట్టుకుని నిలబడ్డారు.

"మాస్టారూ... మీరు సీతారామయ్య మాస్టారు కదండీ?"

"అవును. నువ్వెవరు?"

"రమణమూర్తినండి. రేపల్లె హైస్కూల్లో, తొమ్మిదో తరగతి, బీ సెక్షనండి."

"రమణమూర్తీ! లెక్క అంతా సరిగ్గా చేసి చివర్లో సున్నా మర్చిపోయేవాడివి, నువ్వేనా?"

"నేనేనండి."

హాల్లో పిల్లల మొహాలు చూడాలి! వాళ్ళకి ఇంటర్నల్ మార్కులు వేసే మనిషి సెల్లు ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఇప్పుడేం చేస్తున్నావురా?"

"హెచ్ఓడీనండి."

"అంటే ఏంటి?"

సార్ ఆలోచించి, "క్లాస్ లీడర్ లాంటిదండి" అన్నారు.

"అయితే మరి నీ క్లాసు అంత గోల చేస్తుంటే ఏం చేస్తున్నావు? ఒక్కొక్కళ్ళ చేత చేతులెత్తించు. ఎక్కువమంది ఎటంటే అటు, ఒక్క మాటలో నాకు చెప్పు. ఈ రిమోట్ నా దగ్గరుంది. నేను తిప్పుతా. ఇంకోసారి మడిలో దిగితే ఊరుకోను."

అదండీ మలుపు! అప్పట్నుంచి ఏమైందంటే, రేపల్లెలో బాబాయ్ రోడ్డు చెప్తాడు. బాపట్లలో రమణమూర్తి సార్ చేతులు లెక్కపెట్టి, "ఎడమండి మాస్టారూ", "ఇప్పుడు కుడండి" అని వంగి వంగి చెప్తారు. అక్కడ ముందు వరసలో రిమోట్ పట్టుకున్న పెద్దాయన, అంటే డెబ్బై నాలుగేళ్ళ మాస్టారు, తిప్పుతారు. మలుపు రాకముందే చెప్పాలని పిల్లలే కనిపెట్టారు. బాబాయ్ కూడా రెండు మలుపులు ముందే కేకేయడం మొదలెట్టాడు. ఆ రేసులన్నీ ఆయనకి కంఠతా వచ్చు కదా! మడి తప్పింది, గట్టు తప్పింది, తెల్ల కారుని దాటేశాం, నీలం కారుని దాటేశాం. "ఎర్ర కారు పక్కకొచ్చేశాం, తోక దగ్గరున్నాం!" అని బాబాయ్ అరుస్తుంటే మూడొందల మందీ ఊపిరి బిగబట్టారు. రెండో స్థానం వచ్చింది! హాలు పైకప్పు లేచిపోయింది. సెల్లులోంచి రేపల్లె చప్పట్లు వినపడ్డాయి, కొంచెం నెమ్మదిగా, కానీ చాలాసేపు. రమణమూర్తి సార్ రెండు పిడికిళ్ళూ పైకెత్తి గెంతారు. గెంతాక, ఎవరన్నా చూశారా అని చుట్టూ చూశారు. అందరూ చూశారు.

చివర్లో ఓ ఆడపిల్ల లేచి అడిగింది. "సార్, ఇంతకీ కన్సోల్స్ ఉంటాయా, పోతాయా?"

ఆ ప్రశ్నకి మాత్రం నాకు అబద్ధం రాలేదండి. ముందు రోజు రాత్రంతా ఆలోచించి దీనికొక్కదానికే జవాబు ఒక పేజీ రాసుకున్నా, అది జేబులో ఉంది. తీయాలనిపించలేదు. "నాకు తెలీదమ్మా. నా షాపు ఉంటుందో లేదో కూడా తెలీదు. కానీ ఇంతమంది కలిసి ఒక్క కారు నడపడం నేను పదేళ్ళలో చూళ్ళేదు. కన్సోల్స్ అంటావా, ఈ పూటకి మాత్రం రేపల్లెలో క్షేమంగా ఉన్నాయి" అన్నా. పిల్లలు నవ్వుతూ చప్పట్లు కొట్టారు. రమణమూర్తి సార్ శాలువా కప్పుతూ నా చెవిలో, "షాహీన్ ప్రాజెక్టు నా దగ్గరే. మాస్టారి ఫోన్ నంబరు కొంచెం ఇస్తారా?" అన్నారు. ఆ పిల్ల నా వంక చూసి నవ్వింది చూడండి, చిరిగిన సూటు కూడా అప్పుడు హాయిగా అనిపించింది. శాలువా మాత్రం వెనక నుంచి తియ్యలేదు. చిరుగు కప్పుకోవాలి కదా!

ఇంక నా సామాను తెచ్చుకోవాలి. బాపట్ల నుంచి తెనాలి, తెనాలి నుంచి రేపల్లె. శాలువాతోనే వెళ్ళా. కల్యాణ మండపానికి చేరేసరికి నాలుగైంది. అక్కడి పెద్దవాళ్ళంతా ఎప్పుడో ఇళ్ళకి వెళ్ళిపోయుంటారు, బాబాయ్ ఒక్కడే టీవీ మీద చెయ్యేసుకుని దిగులుగా కూర్చుని ఉంటాడు అనుకున్నా.

లోపల ముప్ఫై మంది ఉన్నారు. కుర్చీలు లైనుగా వేసుకున్నారు. అసలు డాక్టరు, మోకాళ్ళ నొప్పుల డాక్టరు, ఆ లైన్లో నడిమధ్య సీడీ ఒళ్ళో పెట్టుకుని మళ్ళీ తన వంతు కోసం చూస్తున్నాడు. వ్యాయామాల సంగతి ఆయనే మర్చిపోయినట్టున్నాడు. బాబాయ్ నన్ను చూసి, "మా వలీ, దీనికంతటికీ ఓనర్, పెద్ద ఎక్స్‌పర్టు" అని అందరికీ పరిచయం చేశాడు.

సీతారామయ్య మాస్టారు కళ్ళజోడు పైకి తోసి నన్ను ఎగాదిగా చూశారు. "అలాగా. అయితే నాతో ఒక రేసు వెయ్యి, చూద్దాం" అన్నారు.

నాకు లోలోపల జాలేసింది. పెద్దాయన, పొద్దుటే నేర్చుకున్నాడు. కొంచెం తగ్గి ఆడదాంలే, మర్యాదగా ఒక్క కారు తేడాతో గెలుద్దాంలే అనుకుని రిమోట్ పట్టుకున్నా.

మొదటి మలుపులో నేను మడిలో దిగా. రెండో మలుపులో గట్టుకి గుద్దా. మూడో మలుపు దగ్గర ఆయన కారు నా కారుని రెండోసారి దాటిపోయింది, అంటే ఒక రౌండు ఎక్కువ కొట్టేశారన్నమాట! పక్కన బాబాయ్ తలొంచుకున్నాడు. నిజం చెప్పాలంటే పదేళ్ళుగా నేను రిమోట్లు తుడవడం, సీడీలు మార్చడం, టైం చూసి లేవండ్రా అనడమే కానీ, కూర్చుని ఆడింది ఎన్నడూ లేదు. ఆ సంగతి నాకూ అప్పుడే తెలిసింది.

మాస్టారు పక్కనున్న రిజిస్టరు తెరిచారు. ఎవరి వంతు ఎప్పుడో అందులో రాసుకుంటున్నారు. పేరు, ఊరు, చివర్లో ఆయన రిమార్కు. లైన్లో నా వంతు పద్నాలుగోది అని చెప్పి, కుర్చీ చూపించారు. వెళ్తూ వెళ్తూ తొంగి చూశా. డాక్టరు గారి పేరు పక్కన "ఫరవాలేదు" అని ఉంది. బాబాయ్ పేరు పక్కన "బహు బాగు". నా పేరు పక్కన ఎర్ర సిరాతో, కింద గీత గీసి మరీ రాశారు:

"ఖాజావలి, తెనాలి. మొదటి నుంచి నేర్పాలి."